చుక్క లేని పాప

1973 అక్టోబరు 15, సోమవారం

ప్రెస్సులో మిగిలిన కాగితాలు కుట్టి ఆశీర్వాదం ఈ పుస్తకం చేసి ఇచ్చాడు. నాకు చెప్పే ఫికర్లన్నీ దీనికి చెప్పుకో అమ్మా, నన్ను కాసేపు పని చేసుకోనీ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ అన్నాడు.

నాకు అక్షరాలు సిస్టర్లు నేర్పారు, జపాల పుస్తకం చదువుకోవడానికి. తప్పులుంటే ఉండనీ. చదివేవాళ్లెవరున్నారు.

ఇవాళ్టి ఫికర్ ఇది. అంబర్‌పేటలో పసిబిడ్డల కడుపునొప్పికి పట్టే గ్రైప్ వాటర్ తయారుచేసే చిదంబరం సేటు కొత్త సంవత్సరం క్యాలెండర్ పని మావాడికి ఇచ్చాడు. నాచారంలో ప్రెస్సు పెట్టినప్పటి నుంచి పెళ్లిపత్రికలు, బిల్లుబుక్కులు, గుడి పాటల కాగితాలు తప్ప ఇంత పెద్ద ఆర్డర్ రాలేదు. మందుల షాపులన్నిటికీ, పసిబిడ్డలున్న ఇళ్లన్నిటికీ పోతుందట. బాగా వస్తే ఏటేటా సేటు మా దగ్గరికే వస్తాడు. పాడైతే శివకాశి ప్రెస్సులకు పోతాడు. కాగితం ఎక్కడా దొరకని రోజులు. వీడు ఎవరెవరినో బతిమాలి తెచ్చి షెడ్డులో పేర్చాడు. వాన పడితే? ఎలుకలు కొడితే?

ఇంట్లో కోడలు దానమ్మకు ఏడో నెల. అదొక ఫికర్. దానికి వేరే పుస్తకం కావాలి.

అక్టోబరు 18, గురువారం

బొంబాయి నుంచి పసిబిడ్డల ఫోటో నమూనాలతో కవరు వచ్చింది. అక్కడ ఒక కంపెనీ ఉందట. లెక్కలేనన్ని ఫోటోలు పెట్టుకుని, కావలసినవాళ్లకు పర్మిషన్ అమ్ముతుందట. ఫోటో అమ్మరు, పర్మిషన్ అమ్ముతారు. ఇది నా తలకెక్కడానికి సాయంత్రమైంది.

ఆశీర్వాదం అన్నం కలుపుకుంటూ చెప్పాడు. ఫోటో ఒకటే, పర్మిషన్ మూడు తీర్లు. పేపర్లోనో పుస్తకంలోనో ఒక్కసారి వేసుకోవడానికి ఒకటి. ఉత్త క్యాలెండర్‌కు ఇంకొకటి. కింద సరుకు పేరు వేసి సరుకు అమ్ముకోవడానికి మూడోది. ఆ మూడోదానికి ఫోటోలోని బిడ్డ తల్లిదండ్రుల సంతకం కూడా కంపెనీ తీసి పెట్టుకుంటుంది. అన్నిట్లోకీ పిరం అదే.

ఒక్క మొహానికి మూడు ధరలేమిటని ముందు కోపం వచ్చింది. తర్వాత మా గుడి ఫ్రాకులు గుర్తొచ్చాయి. గుడి బట్టలు ఉతికేది నేనే గదా. బీరువాలో జ్ఞానస్నానం రోజు పసిబిడ్డలకు తొడిగే ఫ్రాకులుంటాయి, తెల్లవి, సిస్టర్ చేత్తో అల్లిన లేసువి. కొత్తది కొనలేనివాళ్లు అడిగి తీసుకుపోతారు. జ్ఞానస్నానానికే ఇస్తాం. పుట్టినరోజుకు ఇవ్వం. నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు తొడుక్కుపోతామంటే అసలే ఇవ్వం. ఉతికి తిరిగి తెచ్చివ్వాలి. ఫ్రాకు ఒకటే, పని వేరు. ఇదీ అంతేనా అని అడిగాను. ఆశీర్వాదం ముద్ద ఆపి నా వంక చూశాడు. అంతే అన్నాడు.

అన్నాడు గానీ మొదటి తీరుదే తీసుకుంటాడట, చవక అని. క్యాలెండర్‌కు కూడా పేజీలుంటాయి, అదీ పుస్తకమే అంటాడు. బొంబాయివాడు ఉప్పల్ దాకా వచ్చి మందుల షాపులో గోడ చూస్తాడా అంటాడు.

అది దొంగతనం గాదా?

అక్టోబరు 19

కలలో పోలీసులు. బొంబాయి పోలీసులు. టోపీలు వేరుగా ఉన్నాయి.

అక్టోబరు 21, ఆదివారం

పూజ అయి ఇంటికి వచ్చేదాకా అదే మాట అన్నానట. ఆశీర్వాదం చేతులు జోడించి, సరే అమ్మా, మూడోదే తీసుకుంటా, నువ్వు జర ఊకో అన్నాడు. దానమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. మా అత్తమ్మ ఫికర్ చేసుడు బంద్ చేస్తే ఇల్లు నడవది అంది.

నా మనసు నెమ్మదించింది. ఒక్క పూటే. సాయంత్రం చిదంబరం సేటు వచ్చి బొంబాయి ఫోటోలు చూసి పక్కన పడేశాడు. దొరల బొమ్మల్లా ఉన్నాయట. లాలాపేట తల్లి ఈ బొమ్మను చూసి నా సీసా కొంటుందా అన్నాడట. మన బిడ్డ కావాలట. మన ఇళ్లలో కనిపించే మొహం.

అక్టోబరు 24, బుధవారం

మన బిడ్డ దొరికింది. ఉప్పల్ చౌరస్తాలో స్టూడియో పెట్టిన అచ్యుతరావు దగ్గర.

కాకినాడ వైపు మనిషి. స్టూడియోను ఇంతకుముందున్న ముసలాయన దగ్గర రెండేళ్ల కింద కొన్నాడు. పాత నెగటివులు పెట్టెలతో సహా వచ్చాయి. వాటిలో వెతికితే ఇది బయటపడింది. బిడ్డ కళ్లు మూసుకుని పడుకుంది. తెల్ల ఫ్రాకు. చుట్టూ మల్లెపూలు. పెదవులు కొంచెం తెరుచుకుని ఉన్నాయి. అంత అందమైన నిద్ర నేను చూడలేదు. సేటు చూసి నా గ్రైప్ వాటర్ తాగిన పాప ఇట్లనే పడుకుంటుంది అన్నాడట. కింద అదే మాట అచ్చు వేస్తారట.

అచ్యుతరావు కాగితం రాసి మొహరు వేసి ఇచ్చాడు. ఎక్కడైనా, ఎప్పుడైనా, ఏ సరుకుకైనా వాడుకోవచ్చని. ఆశీర్వాదం దాన్ని రెండుసార్లు చదివి వినిపించాడు. బొంబాయివాడు ఏ ధరకూ ఇంత పర్మిషన్ ఇవ్వడు అని మురిసిపోయాడు.

దానమ్మ ఒక ప్రింటు అడిగి తీసుకుని తన మంచం ఎదురుగా గోడకు అంటించుకుంది. పొద్దున్నే లేచి దాన్ని చూస్తే పుట్టే బిడ్డ అట్లా ఉంటుందని. నేనూ మంచిదే అన్నాను.

పడుకోబోతూ ఒకటి తట్టింది. మన దగ్గర పడుకున్న బిడ్డను ఫోటో తీయనిస్తారా ఎవరైనా? పడుకున్న బిడ్డను రెప్పవాల్చకుండా చూస్తేనే ముసలివాళ్లు తిడతారు.

అక్టోబరు 27, శనివారం

ప్రూఫ్ చూసి సేటు ఒక్క మాటే అన్నాడట. బుగ్గన చుక్క ఏదీ అని. దిష్టిచుక్క లేని పసిబిడ్డను ఏ తల్లీ నమ్మదట. ఆశీర్వాదం బ్లాకు చేసే ఆర్టిస్టుతో చెప్పి పెట్టించాడు. కుడి బుగ్గ మీద, సరిగ్గా అమ్మ వేలితో పెట్టినంత. బుగ్గలకు గులాబీ రంగు కూడా వేశారు.

చుక్కతో బిడ్డ ఇంకా నిజంగా నిద్రపోతున్నట్టు ఉంది.

మా గుడిలో కూడా చుక్కలు పెడతారు. ఫాదర్ కోప్పడతారని గేటు దగ్గర కొంగుతో తుడిచి, పూజ అయ్యాక గేటు దాటగానే మళ్లీ పెడతారు. తుడిచినా మసక కనిపిస్తుంది. ఈ బిడ్డకు ఆ మసక కూడా లేదు. అద్దాలు పెట్టుకుని దానమ్మ గోడ మీది ప్రింటు చూశాను. లేదు.

ఇంకొకటి. మెడ దగ్గర లేసు. ఒక పక్క ఆకుల లేసు, ఇంకో పక్క ఉత్త లేసు. ఆ లేసు నా చేతికి తెలుసు. కళ్లకు గుర్తు రావడం లేదు.

అక్టోబరు 29

ఇవాళ గొడవ. ఆ బిడ్డ ఎవరి బిడ్డ, తల్లికి చెప్పారా అని అడిగాను. బొంబాయి కంపెనీ కూడా తల్లి సంతకం లేకుండా సరుకుకు ఇవ్వనప్పుడు మనమెట్లా వేస్తామని అడిగాను. ఆశీర్వాదం నవ్వలేదు ఈసారి. "నెగటివ్ ఎవరి చేతుల ఉంటే హక్కు వాళ్లదే. కాయితం ఉన్నది, మొహర్ ఉన్నది. ఇంకేం గావాలె నీకు?" అన్నాడు.

తల్లి మాట కావాలి అన్నాను.

ఎప్పటి బిడ్డో, ఇప్పుడు బడికి పోతూ ఉంటుంది, ఏ బస్తీ అని తిరగాలి అన్నాడు. మిషను ఎక్కించే రోజు దగ్గరికొచ్చింది, ఇప్పుడు నీ భయాలు తేకు అన్నాడు. అన్నం తినకుండా పోయాడు.

నా భయాలు చాలాసార్లు ఉత్తవే అయ్యాయి. అందుకే ఎవరూ వినరు. అది వాళ్ల తప్పు కాదు.

అక్టోబరు 31, బుధవారం

దానమ్మకు మందు తెస్తానని చెప్పి స్టూడియోకు పోయాను. అచ్యుతరావు మంచివాడే. కుర్చీ వేసి సోడా తెప్పించాడు. పాత ఓనరు ఊరికి పోయి అక్కడే చనిపోయాడట. ఆ పెట్టెల్లో ఎవరెవరున్నారో తనకు తెలియదట. ఈ బిడ్డ తల్లిని వెతకాలంటే ఉప్పల్లో ఉన్న తల్లులందర్నీ వరసలో నిలబెట్టాలి మామ్మగారూ అన్నాడు. తనకూ ఇద్దరు పిల్లలట. ఎప్పుడూ కదలకుండా ఉండరు, ఫోటో తీయడం చచ్చేచావు, ఈ బిడ్డ మాత్రం ఎంత బుద్ధిగా పడుకుందో అన్నాడు.

సోడా సగం వదిలేసి లేచాను. ఎందుకో తెలియదు.

నవంబరు 2, శుక్రవారం

సమాధుల పండుగ. ఇది రాయడానికి చేయి రావడం లేదు. రాయకపోతే గుండె ఆగేట్టుంది.

పొద్దున అందరం కొవ్వొత్తులు, పూలు పట్టుకుని సమాధుల తోటకు పోయాం. మా ఆయన సమాధి కడిగి, పూలు పెట్టి, జపం చెప్పుకున్నాను. లేచి తిరిగితే గోడవారగా లూర్దమ్మ కూర్చుని ఉంది. నాచారంలో బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగు చేస్తుంది. రైల్వే గ్యాంగులో పనిచేసే నర్సయ్య పెళ్లాం. ముందు మూరెడు సమాధి. తొలిచూలు కొడుకు జోజి, ఆరు నెలలవాడు, జ్వరం వచ్చి పోయాడు. తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లలు. మట్టి మీద మల్లెపూలు చుట్టూ పేరుస్తోంది. ఒక్కొక్క పువ్వు, అంచు వెంబడి.

ఆ పూలు చూస్తుంటే లేసు గుర్తొచ్చింది.

గుడి ఫ్రాకుల్లో ఒకదానికి ఆకుల లేసు చాలక సిస్టర్ ఒక పక్క ఉత్త లేసు వేసి కుట్టింది. జోజి జ్ఞానస్నానానికి లూర్దమ్మ తీసుకుపోయింది అదే. ఉతికి తెచ్చి ఇచ్చింది. అయిదు నెలలకు మళ్లీ అడగడానికి నర్సయ్య వచ్చాడు. ఈసారి అది తిరిగి రాలేదు. ఎవరమూ అడగలేదు. అది ఎక్కడుందో అందరికీ తెలుసు.

మట్టి చేసే ముందు మావాళ్లు ఆఖరి ఫోటో తీయిస్తారు. పెద్దవాళ్లయితే పెట్టె చుట్టూ అందరూ నిలబడి. పసిబిడ్డయితే తెల్ల గౌను తొడిగి, పూలు పెట్టి, ఒక్కడినే.

నిద్ర కాదు.

సాయంత్రం

దానమ్మ వాకిట్లో ఉన్నప్పుడు గోడ మీది ప్రింటు తీసేశాను. లోపలికి వచ్చి చూసి ఏడ్చింది. నిండు గర్భిణికి ఏం చెప్పను. పురుగు పట్టిందని అబద్ధమాడాను. కొత్తదానికి పురుగేంది అంది. "నా బిడ్డ మీద గూడ మీ ఫికరేనా అత్తమ్మా" అంది. వంటింట్లోకి పోయాను. పది రోజులుగా లేచీ లేవగానే ఆ మొహమే చూసింది. దేవమాతా.

నవంబరు 3, శనివారం

బస్సెక్కి నాచారం పోయాను. మిషను అప్పటికే నడుస్తోంది. ఒక్కో కాగితం వచ్చి పడుతుంటే ఒక్కో జోజి. అన్నిటికీ చుక్క. కింద గ్రైప్ వాటర్ పేరు.

మిషను చప్పుడులో నోరు పెంచి చెప్పలేక ఆశీర్వాదాన్ని బయటికి పిలిచి చెప్పాను. విన్నాడు. మొదట నమ్మలేదు. లేసు చూపించాను. లోపలికి పోయి నిలబడి చూశాడు. మిషను ఆపలేదు.

బయటికి వచ్చి నెమ్మదిగా మాట్లాడాడు. రంగు వేశాం, చుక్క పెట్టాం, లూర్దమ్మ గుర్తుపట్టదు. తొమ్మిదేళ్లయింది. అచ్యుతరావు పర్మిషన్ ఇచ్చాడు. సగం కాగితం అయిపోయింది, మళ్లీ ఎక్కడా దొరకదు. సేటు ఆర్డర్ పోతే ప్రెస్సు అద్దె కూడా కట్టలేను. దానమ్మ కాన్పు నెత్తి మీద ఉంది. ఇవన్నీ నాకు కాదు, తనకు తాను చెప్పుకున్నట్టు చెప్పాడు.

నేను ఒక్కటే అడిగాను. లూర్దమ్మ ఆడపిల్లలకు కడుపునొప్పి వస్తే మందుల షాపుకు పోదా?

వాడు లోపలికి పోయాడు. నేను బస్సెక్కాను. బస్సు కదిలేదాకా మిషను చప్పుడు వినిపిస్తూనే ఉంది.

నవంబరు 4, ఆదివారం

పూజలో లూర్దమ్మ సరిగ్గా నా ముందు చాప మీద కూర్చుంది. ఆమె మెడ వెనక ముడి చూస్తూ కూర్చున్నాను. ప్రసంగం ఒక్క ముక్క వినలేదు. ఆశీర్వాదం దివ్యసత్ప్రసాదం తీసుకోవడానికి లేవలేదు, పాపం మనసులో ఉన్నప్పుడు తీసుకోకూడదు గదా. ఇన్నేళ్లలో వాడు లేవకపోవడం చూడలేదు.

ఇంటికి వచ్చాక చెప్పాడు. నిన్న సాయంత్రమే మిషను ఆపేశాడట. "నువ్వు పోయి అడుగమ్మా. ఆమె సరే అంటే వేస్త. ఏం గావాలన్నా ఇద్దాం. వద్దంటే…" అని ఆగిపోయాడు. తాను అడగలేడట. మగవాడు అడిగే మాట కాదట.

నేనెట్లా అడగను. నీ చచ్చిపోయిన బిడ్డను సీసాలు అమ్ముకోవడానికి ఇస్తావా అని అడగాలి. ఇంకే మాటలు పెట్టి అడిగినా అదే మాట.

నవంబరు 5

పేపర్లో చుట్టి ఒక ప్రూఫు సంచిలో పెట్టుకుని లూర్దమ్మ ఇంటికి పోయాను. గుడి పువ్వుల గురించి మాట్లాడి వచ్చాను.

నవంబరు 6

పోయాను. చిన్నపిల్ల తల దువ్వుతోంది. బియ్యం ధరల గురించి మాట్లాడి వచ్చాను. చిదంబరం సేటు ప్రెస్సుకు వచ్చి మిషను ఎందుకు ఆగిందని అడిగాడట. బెల్టు తెగిందని ఆశీర్వాదం చెప్పాడట. ఇంట్లో అబద్ధాలు ఎక్కువవుతున్నాయి.

నవంబరు 8, గురువారం

చెప్పాను.

ఫ్యాక్టరీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. చేతులకు ఇంకా బిస్కెట్ల వాసన. నన్ను చూసి, మూడోసారి వస్తున్నవు పెద్దమ్మా, ఏమన్న కష్టమా, మనసుల పెట్టుకోకు అంది. నా కోసం భయపడింది. అప్పుడు ఏడుపొచ్చింది నాకు.

ముందు మాటలతో చెప్పాను. పాత స్టూడియో, నెగటివ్, మావాడి క్యాలెండర్. ఆమె మధ్యలో ఆపింది. జోజి ఫోటో లేదు పెద్దమ్మా అంది. మట్టయిన మూడో రోజు నర్సయ్య తేవడానికి పోయి ఉత్త చేతులతో వచ్చాడట. రీలు మీద వెలుతురు పడి పాడైపోయిందన్నాడట. అందుకే లేదట. చూసుకుందామంటే ఏమీ లేదట, మొహం మరిచిపోతానేమోనని మొదట్లో రోజూ కళ్లు మూసుకుని గుర్తు చేసుకునేదట.

నర్సయ్య ఎందుకట్లా చెప్పాడో నాకు అర్థమైంది. చూసి చూసి ఏడుస్తుందని. ఆమెకూ అర్థమైంది. ఆ క్షణమే అర్థమవడం నేను చూశాను. మొగుడూపెళ్లాల మధ్య నిప్పు పెట్టానా అనిపించింది.

ప్రూఫు తీసి ఒళ్లో పెట్టాను.

ఎంతసేపు చూసిందో. పొయ్యి మీద ఎసరు పొంగి మంట ఆరింది. ఇద్దరం లేవలేదు. నేను ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. వేలితో బుగ్గ మీద తాకి అడిగింది.

"చుక్క ఎవరు పెట్టిన్రు?"

మావాడు పెట్టించాడు అన్నాను. సేటు అడిగితే. తప్పయింది బిడ్డా అన్నాను.

"ఆ పొద్దు నేను పెడ్తనంటె పెట్టనియ్యలే పెద్దమ్మా. కాటుక చేతుల పట్టుకున్న. ఇంకెందుకే, ఇంకెవరి దిష్టి తగుల్తదే అని చెయ్యి పట్టి గుంజిన్రు. రోజు పెట్టేదాన్ని. ఆ పొద్దే పెట్టలే."

తర్వాత కింద ఉన్న అక్షరాలు ఏమిటని అడిగింది. గ్రైప్ వాటర్ పేరు అని చెప్పాను. అసలు సంగతి చెప్పాను. నువ్వు సరే అంటే అచ్చు వేస్తారు, లేకుంటే లేదు, ఏమన్నా ఇస్తామన్నాడు అని కూడా చెప్పాను. చెప్పడానికే గదా పోయింది.

ఆమె కొంగుతో కాగితం అంచు తుడిచింది. "షాపుల వద్దు. సీసల మీద వద్దు. ఎవరింట్లనో పేజీ చింపుకుంట చూసుడు వద్దు. నాకొక్కటి ఇయ్యిపియ్యి. ఆ కింది రాతలు లేకుంట. చుక్క మాత్రం ఉండనియ్యి" అంది.

ఇంటికి వచ్చేసరికి ఆశీర్వాదం వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. పర్మిషన్ ఇచ్చింది, ఒక్క గోడకు అని చెప్పాను.

నవంబరు 10, శనివారం

అచ్చయిన కాగితాలు ఏం చేయాలని రెండు రోజులు. పనివాళ్లు ఒక ఉపాయం చెప్పారట. వెనక పక్క తెల్లగానే ఉంది, తిప్పి అటువైపు ఇంకో బొమ్మ వేస్తే కాగితం దక్కుతుందని. కాగితం కరువులో అందరూ చేస్తున్నదే. ఆశీర్వాదం నాకు చెప్పి, నా మొహం చూసి, తానే వద్దని తల అడ్డంగా ఊపాడు. అన్ని ఇళ్లలో జోజి గోడకు మొహం పెట్టి సంవత్సరమంతా ఉండాలి. ఊపిరాడదు అని నా నోట్లోంచి వచ్చింది. వాడు దానికి కూడా నవ్వలేదు.

బొమ్మ ఉన్న మేర కోసి తీశాడు. మిగిలిన తెల్ల ముక్కలు బిల్లుబుక్కులకు పనికొస్తాయి. కోసిన ముక్కలు సిమెంటు తొట్టిలో నానబెట్టి, గుజ్జు చేసి, అట్టలు చేసేవాడికి ఇచ్చాడు. ఒక్క ముక్క కూడా బయట పడకుండా తానే దగ్గర నిలబడ్డాడు.

దానమ్మకు ఇవాళ నిజం చెప్పాం. నేను భయపడినట్టేమీ కాలేదు. కడుపు మీద చేయి పెట్టుకుని కూర్చుంది. తర్వాత, వాడు మంచిగనే ఉన్నడు గద అత్తమ్మా, చూస్తె నాకు మంచిగనే అనిపించింది అంది.

నవంబరు 13, మంగళవారం

ఆశీర్వాదం అంబర్‌పేట పోయి సేటుకు ఉన్నదున్నట్టు చెప్పాడు. చిదంబరం సేటు కుర్చీలోంచి లేచి తన టేబులు మీద ఉన్న ప్రూఫు తిప్పి బోర్లా పెట్టాడట. ఆయన వ్యాపారం పసిబిడ్డలతో. అది గనక ఎవరైనా గుర్తుపట్టి ఉంటే అన్నాడట. తిట్టలేదట. కానీ కాగితం నష్టం నీదే అన్నాడట. బొంబాయి బొమ్మే వేయి అన్నాడట.

బొంబాయికి ట్రంకాల్ చేసి మూడో తీరు పర్మిషన్ అడిగాడు. తల్లి సంతకం ఉన్నదే. వాళ్లు ఏ సరుకు, ఎన్ని కాపీలు, ఏ ఊళ్లలో అని అన్నీ అడిగారట. మొదట్లో ఈ ప్రశ్నలకే వీడికి చిరాకు వచ్చింది. ఇప్పుడు ఒక్కొక్కటీ నెమ్మదిగా చెప్పాడట.

వాడి చేతికి గడియారం లేదు. డబ్బెక్కడిదని నేను అడగలేదు.

నవంబరు 22

మళ్లీ కాగితం దొరకలేదు, మిగిలింది సగమే. క్యాలెండర్లు సగమే.

డిసెంబరు 9, ఆదివారం

అచ్యుతరావు ఇంటికి వచ్చాడు. చేతిలో కవరు, అందులో నెగటివ్. ఆశీర్వాదం సంగతి చెప్పిన రోజు నుంచి ఇవ్వాలా వద్దా అని ఆలోచించాడట. డబ్బిచ్చి కొన్నాను మామ్మగారూ, నాదే అనుకున్నాను అన్నాడు. కవరు నా చేతిలో పెట్టి, నాకు నిజంగా నిద్రపోతున్నాడనే అనిపించిందండీ అన్నాడు. నాకూ అట్లాగే అనిపించింది నాయనా అన్నాను. కాఫీ తాగి పోయాడు.

ఆశీర్వాదం మంచి ఆర్టు కార్డు మీద ఒకటే ప్రింటు తీశాడు. రాతలు లేకుండా, చుక్కతో. ఫ్రేము కట్టించాడు. తానే తీసుకుపోయి ఇచ్చాడు, నెగటివ్‌తో సహా. వాడు ఏం మాట్లాడాడో నాకు చెప్పలేదు. మేకు నర్సయ్యే కొట్టాడట. కొట్టి, బయటికి పోయి చాలాసేపు రాలేదట.

డిసెంబరు 29, శనివారం

దానమ్మకు ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. తెల్లారి దవాఖానాలో గోడకు చూస్తే మా క్యాలెండర్. బొంబాయి బిడ్డ నవ్వుతోంది. చిదంబరం సేటు వచ్చే ఏడు శివకాశికి పోతానని చెప్పేశాడు. చెప్పిన రోజే రెండు సీసాలు బిడ్డకని పంపాడు.

బిడ్డ తుమ్మింది. రెండుసార్లు. నర్సు సిస్టరమ్మను పిలిచాను. తుమ్మితే మంచిదే పో అవ్వా అని నవ్వింది.

1974 జనవరి 13, ఆదివారం

లూర్దమ్మ ఇంటికి పోయాను. జోజి బుగ్గ మీద, చుక్క ఉన్నచోటే, గ్లాసు పైన ఇంకో చుక్క. కాటుక తడిగా ఉంది. రోజూ తుడిచి రోజూ పెడుతుందట.

జనవరి 20, ఆదివారం

లూర్దమ్మ మా పాపను చూడటానికి వచ్చింది. కొంగు ముడిలో కాటుక భరిణె. పొద్దున జోజికి పెట్టి వచ్చిన కాటుకే. వేలు ముంచి, పాప బుగ్గ దగ్గర ఆగి, నా వంక చూసింది.

నేను వద్దనలేదు.